డిక్కీలో బస్తాలు, గాల్లో స్టీరింగు: రొయ్యల గుంటలకు తిరిగే ఏడు సీట్ల కారు కేసు

నెల్లూరు జిల్లాలో సముద్రం పక్కన రొయ్యల గుంటలు ఉన్నచోట సొంత కారులోనే మేత మోసుకోవడం మామూలు. ఉదయం రెండు మూడు గుంటలు చూసుకోవాలి, నీళ్లు పరీక్షించాలి, పోతూపోతూ పది బస్తాలు వేసుకుపోవాలి. అంత దానికి ట్రాలీ ఆటో పిలవరు. ఈ కేసులోని బండి అలాంటిదే. ముందు చక్రాలతో నడిచే డీజిల్ ఏడు సీట్ల కారు, లక్ష కిలోమీటర్లు దాటింది. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకప్ ఒకటిగా కలిసి ఉండేది), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే ఇనుప దూలం), వెనక స్ప్రింగు, షాకప్ (ఊపును అణిచే నూనె గొట్టం) వేర్వేరుగా ఉంటాయి. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2,740 మి.మీ. టైర్లు 185/65 ఆర్15, లోడ్ ఇండెక్స్ 88. మూడో వరుస సీట్లు మడిచేసి, పైన క్యారియర్ బిగించారు. యజమాని వివరాలు, బండి కంపెనీ ఇక్కడ రాయడం లేదు. ఇదే అమరిక ఉన్న ఏ కారుకైనా లెక్క ఒక్కటే.

ఫిర్యాదు

యజమాని మాటల్లో: "అన్నా, ఖాళీగా పోయేటప్పుడు బాగానే ఉండాది. బస్తాలు ఎత్తినామంటే తోక ఊగతా ఉండాది. స్టీరింగు చేతిలో ఉన్నట్టే లేదు."

విడదీసి అడిగితే ఐదు లక్షణాలు బయటికొచ్చాయి. 16వ నంబరు జాతీయ రహదారి మీద 80 దాటాక స్టీరింగు తేలికైపోతుంది. లారీని దాటేటప్పుడో, సముద్రం గాలి అడ్డంగా కొట్టినప్పుడో వెనక భాగం రెండు మూడు సార్లు ఊగి గానీ కుదురుకోదు. స్పీడ్ బ్రేకర్ మీద వెనక ధబ్బుమంటుంది. రాత్రిపూట ఎదురొచ్చేవాళ్లు పదే పదే డిప్పర్ కొడతారు. వాన పడితే గట్టు ఎక్కే ఏటవాలు దగ్గర ముందు చక్రాలు ఒట్టిగా తిరుగుతాయి, బండి కదలదు.

వీటిలో గట్టు సంగతి అసలు దారి చూపించింది. షాకప్ పోతే బండి ఊగుతుంది, బుష్ (కీళ్ల దగ్గరి రబ్బరు) పోతే స్టీరింగు వదులవుతుంది. ముందు చక్రాలు నేలను పట్టుకోకపోవడానికి మాత్రం అవి కారణం కావు. ముందు భాగంలో బరువు తగ్గిందనే అనుమానం అక్కడే మొదలైంది.

అంతకుముందు చేయించినవి

బండి వచ్చేసరికే వేరే చోట్ల నాలుగు పనులు జరిగి ఉన్నాయి. వీల్ అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించారు. రెండుసార్లూ ఖాళీ బండికే చేశారు కాబట్టి తెర మీద అంకెలన్నీ పచ్చగానే కనిపించాయి. వెనక స్ప్రింగుల చుట్టల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించారు. వెనక టైర్లలో గాలి 45 పీఎస్‌ఐకి పెంచారు. రెండు కొత్త టైర్లు కొని ముందు వేశారు.

బఫర్లు వేశాక తోక ఎత్తుగా నిలబడింది. బండి సరయిందనే అనుకున్నారు. ఊగుడు మాత్రం తగ్గలేదు. పైగా ఖాళీగా వస్తూ తడి రోడ్డు మీద మలుపు తిరుగుతుంటే వెనక భాగం పక్కకు జారింది. బండిని మా షెడ్డుకు తెచ్చింది ఆ భయమే.

ముందు కాటా

ఒక్క నట్టు కూడా విప్పకముందు బండిని రోజూ మోసే బరువుతోనే కాటాకు పంపించాం. కాటా మీద ముందు చక్రాలు మాత్రమే పెట్టి ఒక తూకం, వెనకవి పెట్టి ఒకటి, తర్వాత కుడి వైపు రెండు చక్రాలు, ఎడమ వైపు రెండు చక్రాలు. ఇందులో మూడు జాగ్రత్తలున్నాయి. కాటా పలక, బయటి నేల ఒకే మట్టంలో ఉండాలి, లేకపోతే బండి వాలి తూకం తప్పుతుంది. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదలాలి. డ్రైవరు సీట్లోనే కూర్చోవాలి. లారీల కాటాలు 5 లేదా 10 కిలోల మెట్టుతో చూపిస్తాయి కాబట్టి రేసు కారులో మాదిరి ఒక్కో చక్రానికి కిలో లెక్క రాదు, ఈ పనికి అంత అవసరమూ లేదు.

డ్రైవరుతో ఖాళీ బండి: ముందు 780, వెనక 600, మొత్తం 1,380 కిలోలు. ముందు భాగం వాటా 56 శాతం పైనే, ముందు ఇంజిన్ ఉన్న కారుకు ఇది సహజం.

బరువుతో: ముందు 760, వెనక 1,070, మొత్తం 1,830.

450 కిలోలు ఎక్కించాక ముందు భాగం బరువు పెరగకపోగా 20 కిలోలు తగ్గింది. ముందు సీట్లో ఒక మనిషి అదనంగా కూర్చున్నా తగ్గింది. మొత్తం బరువు అనుమతించిన 1,850 లోపే ఉంది. ఓనర్ మాన్యువల్‌లో వెనక యాక్సిల్ (ఇరుసు) పరిమితి 1,000 అని ఉంటే దాని మీద 70 కిలోలు ఎక్కువ పడుతోంది. మొత్తం బరువు ఒక్కటే చూసేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు.

పక్కల తూకం కుడి 980, ఎడమ 850. బస్తాలన్నీ కుడివైపుకు జరిపి పేర్చడం వల్ల వచ్చిన తేడా అది. ఈ లెక్కన కుడి వెనక టైరు మీద 570 కిలోలకు పైనే పడుతోంది. లోడ్ ఇండెక్స్ 88 అంటే ఒక్కో టైరుకు గరిష్ఠంగా 560 కిలోలు. గాలి 45కు పెంచినంత మాత్రాన ఆ 560 పెరగదు, టైరు నేలను తాకే మేర మాత్రం తగ్గుతుంది.

బరువు ఎక్కడికి పోయింది

డిక్కీ తలుపు తీయగానే జవాబు కనిపించింది. 25 కిలోల మేత బస్తాలు పది, మినరల్స్ బస్తాలు రెండు, అన్నీ డిక్కీ తలుపుకు ఆనించి ఉన్నాయి. దించుకోవడానికి అదే సులువు. 300 కిలోల ఆ దొంతర మధ్య భాగం వెనక యాక్సిల్‌కు 450 మి.మీ. వెనక పడుతోంది. పనిముట్ల పెట్టె, నీళ్ల క్యాన్లు కలిపి 40 కిలోలు, 650 మి.మీ. వెనక. క్యారియర్ మీద పీవీసీ పైపులు, ఏరేటర్ విడిభాగాలు ఇంకో 40.

వెనక యాక్సిల్ దాటి పెట్టిన బరువు ఏతం లాగా పనిచేస్తుంది, వెనక కొస కిందికి పోతే ముందు కొస లేస్తుంది. లెక్క చిన్నదే: బరువును యాక్సిల్ నుంచి దాని దూరంతో హెచ్చవేసి వీల్‌బేస్‌తో భాగిస్తే ముందు చక్రాల మీద ఎంత తగ్గుతుందో వస్తుంది. 300 కిలోలు, 450 మి.మీ. అయితే 49 కిలోలు. పెట్టె, క్యాన్ల వల్ల ఇంకో 9 కిలోలు. పక్క సీటు మనిషి వల్ల ముందుకు రావాల్సిన 36 కిలోలు ఇందులోనే కొట్టుకుపోయాయి. యాక్సిల్‌కు ముందు పెట్టిన బరువుకూ ఇదే లెక్క, ఫలితం మాత్రం తిరగబడి ముందు బరువు పెరుగుతుంది.

తోక ఊగడానికి మూలం ఇదే. మలుపులో ఎక్కువ బరువు మోసే చక్రాలు పక్క తోపును తట్టుకోవడానికి ఎక్కువ కోణంలో జారాల్సి వస్తుంది. ముందు బరువుంటే ముందు చక్రాలు ముందుగా జారతాయి, బండి కాస్త వెడల్పుగా తిరుగుతుంది, డ్రైవరు కాలు తీస్తే సర్దుకుంటుంది. బరువు వెనకైతే వెనక చక్రాలే ముందు జారతాయి, బండి ముక్కు మలుపు లోపలికి తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ గుణం ముదురుతుంది కాబట్టే 60లో తెలియనిది 80 దాటాక బయటపడింది.

గట్టు సంగతి కూడా ఇక్కడే తేలింది. ఆరు అడుగులకు ఒక అడుగు లేచే వాలులో ఈ బండికి మరో 70 కిలోలు ముందు నుంచి వెనక్కి పోతాయి. 760లో 690 మిగిలితే, తడి బంకమట్టి మీద 1,830 కిలోల బండిని అవి లాగలేవు.

బఫర్లు ఎందుకు పనిచేయలేదో అంకెల్లోనే చెప్పొచ్చు. వెనక భాగాన్ని 40 మి.మీ. పైకి లేపితే ముందుకు వచ్చే బరువు ఈ బండిలో 5 కిలోలు కూడా దాటదు. తోక పైకి లేచిందంటే బరువు సర్దుకుందని చాలామంది నమ్ముతారు. ఎత్తు మారుతుంది, కంటికి బాగుంటుంది, బరువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మొదటి మార్పు: బస్తాలు

స్ప్రింగులు, షాకప్‌లు, అలైన్‌మెంట్ అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది ఎంత పనిచేసిందో తెలియదు. అందుకే బఫర్లు కూడా తీయకుండా సరుకు మాత్రమే జరిపించాం.

రెండో వరుస సీట్లు మడిచి, మీద 12 మి.మీ. ప్లైవుడ్ పరిచి, ఎనిమిది బస్తాలు అక్కడ పేర్చాం. అది వెనక యాక్సిల్‌కు 750 మి.మీ. ముందు. మిగిలిన నాలుగూ యాక్సిల్ మీదుగా, ఇంకా చెప్పాలంటే 150 మి.మీ. ముందుకే. పెట్టె, క్యాన్లు ముందు సీట్ల వెనక నేల మీద. క్యారియర్ మీద పైపులు మాత్రం ఉంచి, ఏరేటర్ సామాను కిందికి దించాం. పై బరువు తక్కువే అయినా ఎత్తులో ఉండటం వల్ల పక్క ఊపును పెంచుతుంది.

మళ్లీ కాటా: ముందు 900, వెనక 930. కుడి 925, ఎడమ 905. అవే 1,830 కిలోలు, అయినా ముందు చక్రాల మీద 140 పెరిగింది. గట్టు వాలులో ముందు మిగిలే బరువు 690 నుంచి 830కి వచ్చింది, అంటే పట్టు ఐదో వంతు పెరిగినట్టు. వెనక యాక్సిల్, టైరు రెండూ పరిమితిలోకి వచ్చాయి.

బస్తాలు కట్టకుండా ఈ అమరికకు పోకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే 200 కిలోల బస్తాలు ముందు సీట్ల వీపును 160 కిలోల దాకా తోస్తాయి. సీటు బోల్టుల దగ్గరి ఇనుప కొక్కేలకు రాచెట్ బెల్టులు వేసి బిగించాలి. దొంతర ఎత్తు ముందు సీటు వీపులో సగానికి మించకూడదు.

ఫలితం: స్టీరింగు బరువు తిరిగొచ్చింది. ఊగుడు తగ్గింది, పోలేదు. స్పీడ్ బ్రేకర్ దెబ్బ అలాగే ఉంది. ఖాళీ బండి జారుడు గుణమూ అలాగే ఉంది. మిగిలిన ఈ మూడింటికే బండి కింద చూడాల్సి వచ్చింది.

స్ప్రింగు గట్టిదనం కొలవడం

దీనికి మేత బస్తాలే తూకం రాళ్లు. వెనక మడ్‌గార్డ్ అంచు నుంచి చక్రం మధ్యకు ఎత్తు కొలవాలి. 100 కిలోలు సరిగ్గా యాక్సిల్ మీద, రెండు పక్కలా సమానంగా పెట్టాలి. బండిని నాలుగడుగులు ముందుకూ వెనక్కూ తోసి, అప్పుడు మళ్లీ కొలవాలి. తోయకపోతే టైర్లు పక్కకు బిగుసుకుని స్ప్రింగును పూర్తిగా దిగనివ్వవు.

బఫర్లతో 14 మి.మీ. దిగింది. బఫర్లు తీస్తే 22. అంటే ఆ రబ్బరు ముక్కలు స్ప్రింగును యాభై శాతానికి పైగా గట్టిపరిచాయి. అంత గట్టి స్ప్రింగును అదుపులో పెట్టాలంటే షాకప్ కూడా పాతిక శాతం గట్టిగా ఉండాలి. ఇక్కడి షాకప్‌లు చూస్తే ఒకటి కింది దాకా నూనె కారి మట్టి పట్టింది, రెండోది చేత్తో నొక్కితే ఆగకుండా జారిపోయింది. ఊగుడు రెండు మూడు సార్లు సాగడానికి ఇదే కారణం. వెనక మాత్రమే ఇలా గట్టిపడితే మలుపులో పక్క బరువు మార్పిడిలో ఎక్కువ వాటా వెనక టైర్ల మీదే పడుతుంది. పైగా వెనక టైర్ల అచ్చు (గాడుల లోతు) 2 మి.మీ. మిగిలింది, గాలి 45. తడి రోడ్డు మీద ఖాళీ బండి జారకుండా ఎలా ఉంటుంది?

బఫరు లాగినచోట స్ప్రింగు చుట్ట మీద తెల్లటి ఉప్పు పొర, దాని కింద గోరు దిగేంత తుప్పు గుంతలు. ఉప్పునీటి గట్ల మీద తిరిగే బండికి ఈ రబ్బరు తడిని పట్టి ఉంచుతుంది. స్ప్రింగు విరగడం ఇలాంటి గుంత దగ్గరే మొదలవుతుంది. ఈ ఒక్క కారణం చాలు, మన తీర ప్రాంతంలో బఫర్లు వద్దనడానికి.

కొత్త స్ప్రింగు ఎంత గట్టిదో నిర్ణయించింది చక్రం పైకీ కిందికీ కదిలే ప్రయాణం లెక్క. ఖాళీ బండికి బంప్ స్టాప్ (చక్రం ఇక పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగలడానికి చక్రం 95 మి.మీ. పైకి రావాలి. పాత స్ప్రింగులు కుంగి 18 మి.మీ. ఎత్తు పోయింది. పాత అమరికలో వెనక పడే 470 కిలోలకు బఫర్లు లేకపోతే బండి నిలబడి ఉన్నప్పుడే బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. సరుకు జరిపాక వెనక అదనం 330 కిలోలు, 73 మి.మీ. దిగుతుంది, గుంతకు మిగిలేది 22 మాత్రమే. ఇది చాలదు. 15 శాతం గట్టి స్ప్రింగు వేస్తే 64 దిగుతుంది, కుంగిన 18 కూడా వెనక్కి వస్తుంది, మిగిలేది 49 మి.మీ. స్పీడ్ బ్రేకర్లకు అది సరిపోతుంది. 30 శాతం గట్టివి కూడా దొరుకుతాయి, వాటితో ఇంకా ఎత్తు వచ్చేది. వద్దనుకున్నాం. ఈ బండి తిరుగు ప్రయాణం అంతా ఖాళీగానే కాబట్టి ఖాళీ బండి జారుడే పెద్ద ప్రమాదం.

బిగింపులో చూసుకోవాల్సినవి

టార్షన్ బీమ్‌ను జాకీ మీద నెమ్మదిగా దించాలి, బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు మీద బీమ్ వేలాడకూడదు. స్ప్రింగు కొస కింది రబ్బరు సీటులోని మెట్టుకు సరిగ్గా ఆనాలి, లేకపోతే నాలుగు రోజులకే చుట్ట తిరిగి టకటకమంటుంది. షాకప్‌లు జతగానే మార్చాలి, పై మౌంటు రబ్బరు, బంప్ స్టాప్, దుమ్ము తొడుగుతో సహా.

ముందు వైపు లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లు చీలి ఉన్నాయి, స్టెబిలైజర్ (పక్క వాలును తగ్గించే కడ్డీ) లింక్ రాడ్లలో ఆట, అంటే వదులు, ఉంది. రెండూ మార్చాం. చాలా షెడ్లలో జరిగే తప్పు ఒకటి చెప్పాలి. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే బుష్ బోల్టు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది, కొద్ది నెలలకే చీలుతుంది. బోల్టును చేతి బిగువున ఉంచి, బండిని చక్రాల మీద నిలబెట్టి, అప్పుడు టార్క్ రెంచితో తుది బిగువు ఇవ్వాలి.

టైర్లలో కొత్తవి వెనక్కి పోయాయి. ముందు చక్రాలతో నడిచే కారు కదా, కొత్తవి ముందే ఉండాలని వాదిస్తారు. ముందు టైరు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీసి సర్దుకోవచ్చు. వెనకది జారితే తిరిగిపోతుంది. పాత రెండూ 1.6 మి.మీ. హద్దుకు దగ్గరగా ఉన్నందున వాటినీ మార్పించి, నాలుగూ ఒకే రకం చేశాం. గాలి స్టిక్కర్ ప్రకారమే: బరువుతో ముందు 33, వెనక 36, ఖాళీగా నాలుగూ 33. ఉదయం చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. ఎండాకాలం హైవే మీద పోయాక నాలుగైదు పెరిగినట్టు చూపిస్తుంది, అప్పుడు గాలి తీయకూడదు.

అలైన్‌మెంట్ ఈసారి పన్నెండు బస్తాలు, ఇద్దరు మనుషులు ఉన్న స్థితిలో చేశాం. వెనక బీమ్‌కు సర్దుబాటు లేదు, వంగిందో లేదో చూడటానికే కొలత. వంగలేదు. ముందు టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సర్దాం.

హెడ్‌లైట్ల లెక్క కూడా ఇక్కడే. పాత స్ప్రింగుల మీద తోక 95 మి.మీ. కుంగితే 25 మీటర్ల దూరంలో వెలుగు 90 సెం.మీ. పైకి పోతుంది. ఎదురొచ్చేవాళ్లు డిప్పర్ కొట్టింది అందుకే. ఇప్పుడు ముందు కూడా కొంత దిగుతుంది కాబట్టి తేడా 36 సెం.మీ. మాత్రమే. దాన్ని డ్యాష్‌బోర్డు మీది లెవలింగ్ చక్రంతో దించొచ్చు. ఆ చక్రం ఎందుకో యజమానికి ఎవరూ చెప్పలేదు.

పరీక్ష, తర్వాతి సంగతి

హైవే మీద పరీక్షలు పెట్టకూడదు. ఖాళీ సర్వీసు రోడ్డు మీద తెల్లవారుజామున, 50లో, తర్వాత 60లో లేను మార్పు చాలు. వెనక షాకప్ రాడ్‌కు ఒక ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి పోతే, ఎంత లోపలికి దిగిందో అది జరిగిన చోటే చెబుతుంది. బరువుతో లేను మారినప్పుడు వెనక ఒక్క ఊపుకే కుదురుకుంది. స్పీడ్ బ్రేకర్ మీద టై బంప్ స్టాప్‌కు వేలెడు దూరంలో ఆగింది.

కష్టమైంది గుంటల దగ్గరి అలవాటు. పక్క తలుపులోంచి బస్తా దించడం ఆలస్యమని పనివాళ్లు గొణిగారు. లోపల నేల మీద యాక్సిల్ గీటు దగ్గర పసుపు టేపు అంటించి, అది దాటి వెనక బస్తా పెట్టొద్దని చెప్పించాం. మొదటి గుంటలో దించాల్సినవి యాక్సిల్ మీది నాలుగూ. అవి డిక్కీ తలుపు నుంచే అందుతాయి, అవి దిగాక మిగిలిన బరువు ఇంకా ముందుకే ఉంటుంది. దీంతో గొణుగుడు సగం తగ్గింది.

వాన తర్వాత కూడా బండి గట్టు ఎక్కుతోందని యజమాని చెప్పాడు. తర్వాత చూపించడానికి తెచ్చినప్పుడు టైర్ల అరుగుదల నాలుగింటికీ సమంగా ఉంది. కుడి షాకప్ దుమ్ము తొడుగు మట్టికి చిరిగితే మార్చాం. అడుగు భాగాన్ని వారానికోసారి మంచినీళ్లతో కడగాలి, స్ప్రింగు సీట్లలో చేరిన బంకమట్టి వేలితో తీయాలి. ఖాళీగా కంకర రోడ్డు మీద పోతే వెనక కాస్త గరుకుగా ఉంటోంది, 15 శాతం గట్టి స్ప్రింగుకు అది తప్పదు. పన్నెండు బస్తాలు దాటే రోజు ట్రాలీ ఆటో పిలుస్తున్నారు.